నాన్న నేర్పిన మడత

మొదటే ఒక సంగతి చెప్పేస్తాను. ఇందులో ఏ పార్టీ గుర్తు పేరూ రాయను. రాయనని నాన్న నా చేత అమ్మ మీద ఒట్టు వేయించుకున్నాడు. "ఆ ఒట్టేదో నీ మీదే ఏయించుకోవచ్చుగా" అంది అమ్మ. కాబట్టి పాత గుర్తు, కొత్త గుర్తు అనే రాస్తాను. ఎనభై మూడు జనవరిలో మా ఊళ్ళో అందరూ అలాగే అనేవాళ్ళు, అదీ గొంతు తగ్గించి.

మా ఊరు రొంపిచెర్లకు నాలుగు మైళ్ళు. మా నాన్న జాన్ సాహెబ్ టైలరు. ఊళ్ళో ‘మూడు కొలతల జాన్ సాహెబ్’ అంటారు. ఎవరైనా ఆది జాకెట్టు ఇస్తే దాన్ని మూడుసార్లు కొలుస్తాడు. చిన్నదైపోతుందేమోనని ఒకసారి, పెద్దదైపోతుందేమోనని ఒకసారి, సరిగ్గా కుట్టాక ఆమె లావెక్కుతుందేమోనని ఒకసారి.

నాన్న మిషను ఉండేది మా ఇంట్లో కాదు. బస్సు ఆగే చోట శివరామయ్యగారి వసారాలో. పన్నెండేళ్ళుగా అక్కడే. అద్దె లేదు. అద్దె బదులు నాన్న ఆయనకు వచ్చేటప్పుడు ఒక నమస్కారం, పోయేటప్పుడు ఒక నమస్కారం పెడతాడు. పెట్టానో లేదో అని అనుమానం వస్తే సగం దారిలోంచి వెనక్కి వెళ్ళి మళ్ళీ పెట్టి వస్తాడు.

శివరామయ్యగారు మా ఊరి పెద్ద. ఓట్లు వేసేది ఊరు, వేయించేది ఆయన. నాన్నకు ఓటు వచ్చిన దగ్గర్నుంచీ పాత గుర్తే గెలుస్తోంది. నాన్నకు తెలిసి సూర్యుడు తూర్పున పొడుస్తాడు, మిషను చక్రం ముందుకు తిరుగుతుంది, పాత గుర్తు గెలుస్తుంది. ఇవి మూడూ మారేవి కావు.

ఆ డిసెంబరు ఆఖర్న ఒకరోజు నేను వసారాలో కాజాలు కుడుతున్నాను. శివరామయ్యగారు వచ్చి స్తంభానికి ఆనుకున్నారు.

"జాన్ సాయిబూ, పోయినసారి మీ బజారు ఆడవాళ్ళ ఓట్లు సగం చెల్లకుండా పోయినయ్యంట. కొందరు ముద్ర ఏయకుండా ఏలిముద్ర ఏశారంట. ఒకామైతే కాగితం మడిచి రవికెలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయిందంట."

"ఆమె మా మేనత్తండీ" అన్నాడు నాన్న తల దించుకుని.

నిజమే. మా పక్కింటి హజ్రా బీ, నాకు నాయనమ్మ వరస. ఆ కాగితం ఇప్పటికీ ఆమె ట్రంకుపెట్టెలో ఉంది. గవర్నమెంటు వాళ్ళు చేతికిచ్చిన కాగితాన్ని డబ్బాలో పడేసి రావడానికి నాకేమన్నా పిచ్చా అంటుంది.

"ఈసారి గాలి అదో రకంగా ఉంది" అన్నారు శివరామయ్యగారు. "మీ బజారు ఆడవాళ్ళ ఓట్లు నలభై. ఒక్కటి పాడు కాగూడదు, ఒక్కటి పక్కకు పోగూడదు." నాన్న వైపు కాకుండా మిషను వైపు చూస్తూ, "మా అల్లుడు ఎరువుల కొట్టు పెడతానని ఈ వసారా అడుగుతున్నాడు. నేనింకా ఏం చెప్పలా" అన్నారు.

నాన్న కాలు పెడల్ మీదే ఉంది కానీ మిషను ఆగిపోయింది.

"నేనే నేర్పుతానండి" అన్నాడు. "ఒక్కటి పాడైతే నన్నడగండి."

నా వేలికి సూది గుచ్చుకుంది. ఆయన అడుగుతారని నాకు అప్పుడే తెలుసు.

సాయంత్రం ఇంటికి వస్తూనే నాన్న తలుపు వేసి, కిటికీ వేసి, అమ్మకు సంగతి చెప్పాడు.

"నలభై మంది ఆడోళ్ళకు ఓటేయడం నేర్పాలే హమీదా."

"ఓటేయడం నేర్పుతావా, ఎవరికేయాలో నేర్పుతావా?"

"రెండూ ఒకటేగా."

"ఒకటెట్టా అయిద్దయ్యా? అన్నం తినడం నేర్పు, నేర్చుకుంటా. ఏ కూరతో తినాలో కూడా నువ్వే చెప్తావా?"

"మన ఇంట్లో ఎప్పుడూ ఉండేది ఒకటే కూరగదే."

"ఈసారి రెండున్నయ్యంట. కొత్తోళ్ళు కిలో రెండు రూపాయలకు బియ్యం ఇస్తారంట."

నాన్న లేచి వెళ్ళి వేసిన కిటికీని మళ్ళీ వేశాడు. "మెల్లిగా మాట్లాడవే. గోడలకు చెవులుంటయ్యి."

"మన గోడకు చెవులెక్కడున్నయ్యి? పోయిన వానలకు సగం కూలిపోతేను."

"వసారా పోతే మిషను ఎక్కడ పెట్టుకోవాల? నీ నెత్తిన పెట్టుకోవాలా?"

అమ్మ దానికి జవాబు చెప్పలేదు. అందుకే నాకు ఇంకా భయం వేసింది. అమ్మ జవాబు చెప్పని మాటలు మా ఇంట్లో చాలా తక్కువ.

మర్నాటి నుంచి మా ఇంట్లో ఓట్ల బడి మొదలైంది. దానికి కావలసిన సామానంతా నాన్న అమ్మ వంటింట్లోంచే సేకరించాడు. బంగాళాదుంప కోసి ముద్ర చేశాడు. నీలిమందు చిక్కగా కలిపి సిరా చేశాడు. పిండి డబ్బా మూతను కత్తెరతో చీల్చి ఓట్ల డబ్బా చేశాడు.

"కూర పాయె, డబ్బా పాయె" అంది అమ్మ. "ఇంకా ఓటు ఏయకముందే ఇంత నష్టం. గెలిస్తే ఇల్లు ఉంటుందా?"

నాన్న బట్టలకు కటింగు గీసుకునే ఖాకీ కాగితాన్ని ముక్కలు కోసి ఓటు చీటీలు చేశాడు. బొమ్మలు వేసే పని నాది. చీటీలో పైనుంచి కిందికి మూడు గళ్ళు. పైన పాత గుర్తు, కింద కొత్త గుర్తు. మధ్యలో ఎప్పుడూ నిలబడే ఇండిపెండెంటు బాబూరావు. ఆయనది ఏ ఊరో ఎవరికీ తెలియదు. ఆయనకు పార్టీ లేదు కాబట్టి ఆయన గుర్తు తక్కెడ అని రాసినా ఒట్టు తప్పినట్టు కాదు.

"పాత గుర్తు పెద్దగా ఎయ్యి తల్లీ" అన్నాడు నాన్న. "కొత్తది చిన్నగా, అంతగా తెలియకుండా."

రోజూ మిరపకాయ కోతల నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఆడవాళ్ళంతా దీపాలు పెట్టే వేళకు మా ఇంటికి వచ్చేవాళ్ళు. నాన్న ముద్ర నేర్పాడు. "రెండు ముద్రలు పడితే ఓటు చెల్లదు" అని రోజుకు పదిసార్లు చెప్పాడు. కానీ నాన్న ప్రాణమంతా మడతలో ఉంది. ఇరవై ఏళ్ళుగా గుడ్డలు మడిచిన చెయ్యి కదా.

"చొక్కా గుడ్డ ఎట్టా మడుస్తాం? పై అంచు తీసుకొచ్చి కింది అంచు మీద పెడతాం. అంచు మీద అంచు. తర్వాత గోరుతో గట్టిగా రాయాల. ఊరికే మడిస్తే ఊడిపోద్ది."

"ఎందుకురా ఇంత మడత?" అంది హజ్రా బీ.

"ఎవరికేశామో బయటికి కనపడగూడదు అత్తా. రహస్యం."

"ఎవరికేయాలో నువ్వే చెప్తున్నావు. ఇంక రహస్యం ఎవరి దగ్గరరా?"

ఆడవాళ్ళంతా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. నాన్న నవ్వలేదు. కిటికీ వేసి ఉందో లేదో చూసుకున్నాడు.

ఎనిమిది రోజుల్లో నలభై మందికీ ఆ మడత చేతికి వచ్చేసింది. ఎంతగా వచ్చిందంటే, హజ్రా బీ ముక్కు తుడుచుకున్న గుడ్డను కూడా అంచు మీద అంచు పెట్టి, గోరుతో రాసి దాచుకునేది.

పోలింగుకు ముందు రోజు నాకు కాగితం కావలసి వచ్చింది. మా బళ్ళో ఫిలోమినా టీచరు వ్యాసానికి బహుమతిగా ఇచ్చిన డైరీ డిసెంబరు ముప్పై ఒకటితో అయిపోయింది. నాకు ఎవరితో మాట్లాడాలన్నా గొంతు పట్టేస్తుంది. రోజూ రాసుకోకపోతే అన్నం కూడా దిగదు. అందుకని పిండి డబ్బా తెరిచి, ఆడవాళ్ళు వేసిన చీటీల వెనక వైపు రాసుకుందామని ఒకటి విప్పాను.

పాత గుర్తు మీద నీలంగా ముద్ర ఉంది. కొత్త గుర్తు మీద కూడా ఉంది, కొంచెం పాలిపోయి.

ఎవరో పొరపాటున రెండు వేశారనుకున్నాను. ఇంకొకటి విప్పాను. రెండు ముద్రలు. ఇంకొకటి. రెండు. పై అంచు కింది అంచు మీద పెట్టి గోరుతో రాస్తే, తడి ఆరని ముద్ర పై గడిలోంచి నేరుగా కింది గడిలో అంటుకుంటోంది. నాన్న ఎంత బాగా నేర్పితే అంత బాగా అంటుకుంటోంది.

నలభై చీటీల్లో ఒక్కదానికే అంటుకోలేదు. అది మధ్యలో, తక్కెడ మీద వేసింది. దాని మీద వక్కరసం మరక ఉంది. ఎవరు వేశారో నాకు తెలిసింది కానీ రాయను. ఓటు రహస్యం కదా.

చీటీ పట్టుకుని వసారాకు పరుగెత్తాను. నాన్న తల ఎత్తి, "ఏందమ్మా?" అన్నాడు. నా గొంతు పట్టేసింది. "ఏం లేదు" అని వచ్చేశాను. సగం దూరం వచ్చి మళ్ళీ వెళ్ళాను. "ఏందమ్మా?" "ఏం లేదు." మూడోసారి వెళితే నాన్న, "ఊరికే తిరిగే బదులు ఈ కాజాలు కుట్టు" అన్నాడు. కూర్చుని ఆరు కాజాలు కుట్టి వచ్చాను.

నోటితో కాని పని చేత్తో చేశాను. సంగతంతా ఇంకో చీటీ వెనక రాసి, అమ్మ తమలపాకుల పెట్టెలో పైనే పెట్టాను. సాయంత్రం అమ్మ తప్పకుండా తెరిచేది అదొక్కటే.

అమ్మ నాలుగో తరగతి దాకా చదివింది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. చీటీ తిప్పి రెండు ముద్రలనూ చూసింది. అలవాటు చొప్పున ఒక ఆకు తీసుకుని, తొడిమ తుంచి, ఈనె మీదుగా నిలువునా మడిచి, నోటి దాకా తీసుకెళ్ళి ఆగిపోయింది. ఆకు వైపు చూసింది. చీటీ వైపు చూసింది. ఆకు తినకుండానే పెట్టెలో పెట్టేసి లేచింది.

అప్పుడే నాన్న వచ్చాడు. "ఎక్కడికే?"

"పాలు తోడేయాల. తోడు తెస్తా."

చేతిలో గిన్నె లేదు. నాన్న చూడలేదు, నేను చూశాను.

"పనిలో పని, శివరామయ్యగారింటి ఆడోళ్ళ జాకెట్లు కూడా ఇచ్చొస్తా" అంది.

"మంచిది. ఈ టైములో వాళ్ళ కళ్ళల్లో పడటం మంచిది" అన్నాడు నాన్న సంతోషంగా.

ఆ రోజు తోడు కోసం అమ్మ మా బజారులో ఇరవై ఇళ్ళూ తిరిగింది. తిరిగి వచ్చినప్పుడు చేతిలో జాకెట్లు లేవు, తోడు కూడా లేదు.

"నాన్నకు చెప్పావా?" అని అమ్మను మెల్లిగా అడిగాను.

"మీ నాన్నకు చెబితే ఆ మడతను మూడుసార్లు కొలుస్తాడు. ఈలోపల ఎన్నికలైపోతయ్యి. నువ్వు నోరు మూసుకో."

అది నాకు బాగా వచ్చిన పని. కానీ అమ్మ ఆ ఇళ్ళల్లో ఏం చెప్పిందో, అసలు చెప్పిందో లేదో నాకు తెలియదు. వసారా ఉంటుందో పోతుందో తెలియదు.

పోలింగు రోజు బళ్ళో రెండు బూతులు పెట్టారు. మగవాళ్ళది ఒకటి, ఆడవాళ్ళది ఒకటి. నాన్నను లోపలికి రానివ్వలేదు. అందుకని గేటుకు దూరంగా, చింతచెట్టు కింద నిలబడ్డాడు. మా బజారు వాళ్ళు ఎవరు వెళుతున్నా భుజం మీది తుండుగుడ్డ తీసి, గాల్లో అంచు మీద అంచు పెట్టి, గోరుతో రాసి చూపించేవాడు. ఆడవాళ్ళు తల ఊపి లోపలికి వెళ్ళేవాళ్ళు. పోలీసాయన చాలాసేపు చూసి, "గుడ్డలు అమ్ముతున్నావా?" అని అడిగాడు.

అమ్మ ఆఖరున వచ్చింది. వేలి మీద చుక్కతో బయటికి రాగానే నాన్న ఎదురు వెళ్ళాడు.

"మడిచావా?"

"మడిచా."

"ఎట్టా?"

"రహస్యమన్నావుగా" అని ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం శివరామయ్యగారు తెల్ల గుడ్డ పంపించారు. లెక్కింపు అయ్యాక ఊరేగింపులో తొడుక్కోవడానికి లాల్చీ కుట్టాలి. నాన్న ముఖం మతాబాలా వెలిగింది. ఆ వెలుగు మర్నాడు పొద్దున దాకా ఉంది. పొద్దున లాల్చీ జేబుకు కొలత గీసుకుందామని నాన్న చేతికందిన ఖాకీ కాగితం విప్పాడు.

అది కాజాలు కుడుతూ నేను వసారాలో మరిచిపోయిన ఓటు చీటీ.

నాన్న దాన్ని మూడుసార్లు చూశాడు. తర్వాత ఇంటికి వచ్చి పిండి డబ్బా బోర్లించాడు. ఒక్కొక్కటే విప్పుతూ గోడకు చేరగిలబడ్డాడు.

"హమీదా. చంపేశానే."

"ఎవర్ని?"

"ఓట్లని. నలభై ఓట్లని నా చేత్తో నేనే చంపేశా. రెండు ముద్రలు."

అమ్మ వచ్చి చీటీ తీసుకుని, మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. "అయ్యో" అంది. "ఇదేందయ్యా, ఇట్టా అంటుకుంది?"

నేను నోరు తెరిచాను. "నాన్నా, అమ్మ..."

"అబిదా, పొయ్యి మీద పప్పు చూడు" అంది అమ్మ.

పొయ్యి మీద పప్పు లేదు. పొయ్యే వెలిగించలేదు. అయినా వెళ్ళి చూస్తూ కూర్చున్నాను.

"పోయినసారి సగమే చెల్లలేదు. ఈసారి నేను నేర్పాను కాబట్టి మొత్తం చెల్లవు" అంటున్నాడు నాన్న. "పన్నెండేళ్ళే ఆ వసారా. పోయి నిజం చెప్పేస్తా. ఆయనే కనిపెడితే ఇంకా కోపమొస్తది."

"చెప్పు. చెప్పి, ఆ ఎరువుల బస్తాలు కూడా నువ్వే మోసి లోపల పెట్టిరా."

నాన్న వెళ్ళాడు. వెంట లాల్చీ కొలత పట్టుకుని నేనూ వెళ్ళాను. శివరామయ్యగారు మంచి హుషారుగా ఉన్నారు. నాన్న నమస్కారం పెట్టి, "అయ్యా, మా బజారు ఓట్లు..." అన్నాడు.

"మీ బజారు ఓట్లు ఖాయమని నేను నరసరావుపేటకు కబురు కూడా పంపించా. నీలాంటోళ్ళు ఊరికి పదిమంది ఉంటే చాలురా" అన్నారాయన నాన్న భుజం తట్టి.

నాన్న నోట్లోంచి మాట రాలేదు. గొంతు పట్టేయడం నాకు ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో ఆ రోజు తెలిసింది.

ఆ రోజంతా నాన్న లాల్చీ కుట్టాడు. గెలవని ఊరేగింపుకు లాల్చీ కుడుతున్నానని ఒక కుట్టు, వసారా పోతుందని ఒక కుట్టు. మధ్యాహ్నం అన్నం తినలేదు. సాయంత్రం తిన్నాడు కానీ ఏం కూరో చెప్పలేకపోయాడు.

లెక్కింపు రోజు శివరామయ్యగారు తెల్లవారుతూనే జీపులో నరసరావుపేట వెళ్ళారు. మధ్యాహ్నం నుంచే రేడియో చెప్పడం మొదలుపెట్టింది. ఆ ఊళ్ళో కొత్త గుర్తు, ఈ ఊళ్ళో కొత్త గుర్తు. నాన్న రేడియో పక్కనే కూర్చుని మిషను చక్రాన్ని వెనక్కి తిప్పి చూశాడు. అదీ తిరిగింది.

జీపు పొద్దుగూకే వేళకు హారన్ కొట్టకుండా వచ్చింది.

మర్నాడు పొద్దున నాన్న వసారాకు వెళ్ళి స్క్రూలు విప్పాడు. మిషను తలను స్టాండు మీద నుంచి తీసి దుప్పట్లో చుట్టాడు. నూనె డబ్బా నా చేతికిచ్చాడు. అమ్మ కూడా వచ్చి పక్కన నిలబడింది. ఆయన వెళ్ళమనకముందే వెళ్ళిపోతే కొంచెం మర్యాదగా ఉంటుందని నాన్న ఆలోచన.

శివరామయ్యగారు వచ్చారు. రాత్రంతా నిద్ర లేనట్టున్నారు. దుప్పటి మూటను చూశారు.

"లాల్చీ అయిందా?"

నాన్న రెండు చేతులతో ఇచ్చాడు. ఆయన తొడుక్కుని జేబులో చెయ్యి పెట్టబోయారు. చెయ్యి పోలేదు. నాన్న జేబు నాలుగు వైపులా కుట్టేశాడు.

"ఇదేందిరా?"

"అయ్యా, భయంలో..."

"పోనీలే. ఇప్పుడు అందులో పెట్టుకోవడానికి ఏముంది గనక" అంటూ ఆయన అరుగు మీద కూర్చున్నారు. "జాన్ సాయిబూ, ఆడవాళ్ళ బూతులో ఒక్క ఓటు కూడా చెల్లకుండా పోలేదు."

నాన్న దుప్పటి మూట మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. "ఒక్కటి కూడానాండి?"

"ఒక్కటి కూడా. కాగితాలు ఇస్త్రీ చేసినట్టు ఉన్నయ్యని లెక్కపెట్టినాయన మెచ్చుకున్నాడంట. ఇంతకూ ఆ బూతులో పడ్డయ్యి రెండొందల పది. మనకు ఎన్ని వచ్చినయ్యో తెలుసా?"

నాన్న దుప్పటి ముడి బిగించాడు.

"నాలుగు. ఆ తక్కెడ బాబూరావుకు కూడా ఒకటి వచ్చింది. మిగిలినయ్యన్నీ వాళ్ళవే."

నా చేతిలో నూనె డబ్బా ఒరిగి నూనె కారుతోంది. అమ్మ దాన్ని మెల్లిగా నిలబెట్టింది.

"మా ఇంట్లో ఆడవాళ్ళ ఓట్లెన్నో నీకు తెలుసుగా?" అన్నారు శివరామయ్యగారు.

నాన్న వేళ్ళు ముడిచాడు. ఆయనకు మనుషులు జాకెట్ల లెక్కనే గుర్తుంటారు. "ఆది జాకెట్లు ఆరండి."

"ఆరు. బూతు మొత్తానికి మనకు పడ్డయ్యి నాలుగు." ఆయన లాల్చీ జేబు మీద అరచేత్తో తడిమారు. "రాత్రి ఆరుగుర్నీ అడిగా. ఆ నలుగురిలో నేనొకదాన్నని ఆరుగురూ చెప్పారు. మా ఆవిడైతే కొడుకు మీద ఒట్టేసింది."

అప్పుడే హజ్రా బీ బస్సు కోసం వచ్చి, ఆయన్ను చూసి ఆగింది. "అయ్యా, అందరూ మోసం చేశారంటగా. ఆ నలుగురిలో నేనొకదాన్ని" అంది వక్క నములుతూ.

నేను తల దించుకున్నాను.

ఆమె వెనకే మిరపకాయ కోతలకు పోయేవాళ్ళు గుంపుగా వచ్చారు. విషయం తెలిసిందేమో, ఒక్కొక్కరే ఆగి నమస్కారం పెట్టి, ఆ నలుగురిలో తామూ ఉన్నామని చెప్పి వెళ్ళారు. బస్సు వచ్చే లోపల ఆ నలుగురు ఇరవై ఏడు మంది అయ్యారు. వచ్చిన వాళ్ళందరికీ శివరామయ్యగారు తిరిగి నమస్కారం పెట్టారు. ఆయన అంతమంది ఆడవాళ్ళకు నమస్కారం పెట్టడం నేను చూడటం అదే మొదటిసారి.

గుంపు వెళ్ళాక ఆయన లేచారు. "నిన్ను ఇక్కడ్నుంచి లేపాలంటే ముందు మా ఇంట్లో ఇద్దర్ని లేపాల. ఆ ఇద్దరు ఎవరో నాకు తెలియదు. తెలుసుకోను కూడా. అన్నం వాళ్ళే పెట్టాల. మిషను బిగించుకో. మా అల్లుడికి నేను చెప్పుకుంటా."

నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగారు. "మళ్ళీ ఎన్నికలొస్తే నువ్వు మాత్రం నేర్పబాకు."

నాన్న ఆయనకు నమస్కారం పెట్టాడు. తర్వాత పెట్టానో లేదోనని ఇంకొకటి పెట్టాడు.

ఆ సాయంత్రం ఇంట్లో నాన్న నులకమంచం మీద కూర్చున్నాడు. ముందు పిండి డబ్బాలోని చీటీలు చూశాడు. తుండుగుడ్డ తీసి అంచు మీద అంచు పెట్టి చూశాడు.

"హమీదా, నేను నేర్పిన మడత మడిస్తే రెండు ముద్రలు పడాల. పడలా. ఎందుకు పడలా?"

"నీ చేతి చలవ."

"సరే. మరి నువ్వు ఎవరికేశావు?"

"ఆ నలుగురిలో నేనొకదాన్ని" అంది అమ్మ, తమలపాకుల పెట్టె ముందుకు లాక్కుంటూ.

"నలుగురిలో ఎంతమంది ఉంటారే?"

"ఏం, ఇన్నేళ్ళూ ఊరంతా ఒకటే గుర్తులో పట్టలేదా? ఆ నలుగురిలో మేం పట్టమా?"

నాన్న ఇంకేదో అడగబోయాడు. అమ్మ ఒక ఆకు తీసుకుంది. తొడిమ తుంచి, సున్నం రాసి, వక్క పెట్టి, ఈనె మీదుగా నిలువునా మడిచింది. ఎడమ పక్క కుడి పక్క మీదికి వచ్చింది. పైన రాసిన సున్నం పైనే ఉంది, కిందికి రాలేదు. ఆ తర్వాత పైనుంచి కిందికి ఇంకో మడత వేసి నాన్న నోట్లో పెట్టింది.

"మాట్లాడకుండా నములు."

నాన్న రెండుసార్లు నమిలి ఆగిపోయాడు. నోట్లో ఆకుతోనే అమ్మ వైపు చూశాడు. ఇంకో ఆకు తీసుకుని, నిలువునా మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు. నా వైపు చూశాడు. నేను పొయ్యి మీద పప్పు చూడటానికి వెళ్ళాను. ఈసారి నిజంగానే ఉంది.

"తోడు దొరికిందా ఆ రోజు?" అని అడిగాడు కాసేపటికి, చాలా మెల్లిగా.

"ఇల్లిల్లూ తిరిగాగా, దొరక్కుండా ఎక్కడికి పోద్ది" అంది అమ్మ.

ఇప్పుడు కూడా నాన్న వసారాలోనే కుడుతున్నాడు. కానీ కుట్టిన గుడ్డ మడిచేటప్పుడు పై అంచు పట్టుకుని ఒక్క క్షణం ఆగుతాడు. అమ్మ అక్కడ ఉంటే ఆమె వైపు చూస్తాడు. లేకపోతే నా వైపు చూసి, "ఎట్టా మడవమంటావమ్మా?" అంటాడు.